నాపరాతి నేల: దాని శుభ్రత, సంరక్షణ

మన పాఠశాల సభాభవనపు వసారాలో, తూర్పు గుమ్మము ప్రక్కను, ఒక బండ కలదు. చుట్టునున్న బండలన్నియు నున్ననై మెరయుచుండగా అది యొక్కటి మాత్రము సున్నపు తేట చల్లినట్లు తెల్లబోయి యుండును. క్రొత్తగా చేరిన విద్యార్థులు దానిని చూపి, "అయ్యా, ఈ బండ నొక్కదానిని ఎందుకు బాగుచేయింపలేదు?" అని మమ్ము అడుగుచుందురు. తల్లిదండ్రులలో కొందరును అడిగిరి. ఆ బండ అట్లగుటకు కారకులము మేమే. కావున దానికి సరియైన ఉత్తరము చెప్పు భారమును మాదే. నాపరాతి నేల స్వభావ మెట్టిది, దానిని శుభ్రపరచు విధమేమి, దానికి రక్షణగా పూత పూయుట యెప్పుడు మేలు, ఎప్పుడు కీడు అను విషయములను ఈ వ్యాసమున వివరించి, నడుమ ఆ బండ కథను కూడ చెప్పెదము. మన విద్యార్థులలో అనేకుల యిండ్లలో నేలలు ఇట్టి రాతివే. కావున ఇది వారి యింటివారికిని కొంత యుపయోగపడునని తలంచుచున్నాము.

నాపరాయి సున్నపురాతి జాతిలోనిది. తెలుగుదేశమున దీనికి కొదువ లేదు. నంద్యాల జిల్లాలోని బేతంచర్ల, కడప జిల్లాలోని జమ్మలమడుగు, ఎఱ్ఱగుంట్ల ప్రాంతములు, పల్నాటిలోని మాచర్ల, వికారాబాదు జిల్లాలోని తాండూరు ఈ బండలకు పేరొందినవి. తాండూరునకు పొరుగున, కర్ణాటక రాష్ట్రమున, షాహాబాదు కలదు. కొనువారు తఱచు రాతి పేరు చెప్పక ఊరి పేరే చెప్పుదురు. 'తాండూరు బండలు', 'షాహాబాదు బండలు', 'కడప బండలు' అనుట మనమందరము వినునదే. భూగర్భ శాస్త్రజ్ఞులును అట్లే చేసిరి. కర్నూలు, కడప సీమల సున్నపురాతి శ్రేణులలో నొకదానికి కడప జిల్లాలోని నార్జి గ్రామము పేరు పెట్టిరి.

ఏబది కోట్ల సంవత్సరములకు పూర్వమే, ఇప్పుడు మనము నడచు ఈ సీమలో కొంత భాగమును సముద్రము కప్పి యుండెను. ఆ నీటి యడుగున సన్నని సున్నపు బురద పొరపై పొరగా పేరుకొని, పైబరువుచే నణగి, కాలక్రమమున రాయి యయ్యెను. ఆ పొరలు నేటికిని రాతిలో నిలిచియున్నవి. అందుచేతనే గనిలో పనివారు పొరల వెంబడి గునపము పెట్టి లేపినచో రాయి పలకలు పలకలుగా ఊడివచ్చును. గ్రానైటు బండకు ఈ గుణము లేదు. దానిని కోయవలసినదే. నాపరాయి చౌకగా లభించుటకును, పేదవాని యింటి నేలకును అందుబాటులో నుండుటకును ఇది యొక ముఖ్య కారణము. అయితే సుళువుగా పొరలు విడుట యను ఈ గుణమే దాని బలహీనతయు నగును. ఆ సంగతి ముందు చెప్పెదము.

ఈ రాతిలో ప్రధానమైన పదార్థము కాల్సియము కార్బనేటు. గవ్వలోను, కోడిగ్రుడ్డు పెంకులోను, ముత్యములోను ఉన్నది ఇదియే. దీనికి రెండు లక్షణములు కలవు. మొదటిది, ఇది మెత్తని రాయి. ఖనిజముల కాఠిన్యమును 1 మొదలు 10 వఱకు కొలుచు పట్టికలో దీని స్థానము 3 మాత్రమే. మన గోరు కాఠిన్యము సుమారు రెండున్నర. వీధిలోని యిసుకలో ప్రధానముగా నుండు స్ఫటికపు రేణువు కాఠిన్యము 7. అనగా, చెప్పుల క్రింద అంటుకొని వచ్చిన యిసుక రేణువు ఈ నేలపై ఆకురాయి వలె పనిచేయును. రెండవది, ఇది ఆమ్లమునకు, అనగా పులుపునకు, ఓర్వలేదు. ఎట్టి ఆమ్లము సోకినను ఇది కరగుచు బొగ్గుపులుసు గాలిని విడుచును.

ఈ రెండవ లక్షణమునకు గొప్ప సాక్ష్యము చూడగోరువారు కొలిమిగుండ్ల సమీపమున నున్న బెలుం గుహలకు పోవలెను. 1884వ సంవత్సరమున రాబర్టు బ్రూసు ఫూటు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఈ గుహలను పేర్కొనెను. నేల క్రింద 3 కిలోమీటర్లకు పైగా వ్యాపించిన ఆ బిలములను ఏ ఉలియు తొలువలేదు. వాన నీరు గాలినుండియు, మట్టినుండియు బొగ్గుపులుసు గాలిని కొంచెము గ్రహించి, మిక్కిలి బలహీనమైన ఆమ్లముగా మారి, రాతి సందులలో ప్రవహించుచు, యుగయుగములు దానిని కరగించుటచే అవి యేర్పడినవి. అంత బలహీనమైన ఆమ్లమునకే రాయి లొంగినప్పుడు సీసాలో నమ్మెడి తీక్ష్ణమైన ఆమ్లము మాట చెప్పవలసిన దేమున్నది?

ఇక మా కథ. రెండు సంవత్సరముల క్రిందట, క్రిస్మసు పండుగకు ముందు వారమున, సభాభవనమును అలంకరించు పని మాపై బడెను. వసారా బండలపై బోరుబావి నీటి తెల్లని చారలును, కొన్ని మరకలును కనబడుచుండెను. ముప్పది యేండ్లుగా ఆ నేలను తుడుచుచున్న మా ఆయమ్మ, "అయ్యగారూ, నాలుగు దినాలు నాకు విడిచిపెట్టండి. మంచినీళ్ళతో, మెత్తని గుడ్డతో నేను తెమిలిస్తాను. ఆసిడు మాత్రం పొయ్యకండి, బండ చచ్చిపోతుంది" అని బతిమాలెను. మేము నవ్వి, "నీళ్ళతో పోవునదైతే ఇన్నాళ్ళు ఎందుకు పోలేదమ్మా?" అంటిమి. స్నానపుగదులు కడుగుటకు అంగడిలో నమ్మెడి ఆసిడు సీసాలు తెప్పించి, కూలివారిచే నేలపై పోయించితిమి. నేల బుసబుసమని నురగలు గ్రక్కెను. మురికి విడిపోవుచున్నదని సంతోషించితిమి. సాయంకాలము తడిసియున్న నేల నల్లగా నిగనిగలాడుచుండెను. మఱునాడు ఉదయము ఆరిన నేలను చూచిన మాకు నోట మాట రాలేదు. వసారా ఆ చివరనుండి ఈ చివర వఱకు పాలిపోయి, చేతితో తాకినచో గరుకుగా, సుద్దముక్క వలె నుండెను.

ఇందు మమ్ము మిక్కిలి సిగ్గుపరచిన విషయ మింకొకటి కలదు. ఆ సంవత్సరముననే, జూలై నెలలో, ఎనిమిదవ తరగతి బాలురకు నాపరాతి ముక్కపై ఉదజహరికామ్లపు చుక్క వేసి, నురగను చూపి, "ఈ వాయువు ఏది?" అని ప్రశ్నించినవారము మేమే. సమీకరణమును నల్లబల్లపై వ్రాసినవారమును మేమే. ఆ నురగయే వసారాలో కనబడినప్పుడు దానిని మురికి యనుకొంటిమి. బల్లపై నున్న రాయియు, కాలి క్రింద నున్న రాయియు ఒక్కటే యని మాకు తోచలేదు.

ఆ నాడు జరిగిన దానిని ఇప్పుడు లెక్కవేసి చూతము. 100 గ్రాముల కాల్సియము కార్బనేటును కరగించుటకు 73 గ్రాముల ఉదజహరికామ్లము కావలెను. అందు 44 గ్రాముల బొగ్గుపులుసు గాలి వెడలును. నూటికి 10 పాళ్ళు ఆమ్లము గల ద్రవము ఒక లీటరు పోసినచో, అందులోని సుమారు 100 గ్రాముల ఆమ్లము సుమారు 137 గ్రాముల రాతిని తినివేయగలదు. పోయినది మురికి కాదు, నేలయే. నున్నని తలము వెలుగును అద్దము వలె త్రిప్పికొట్టును గనుక మెరయును. ఆమ్లము దానిని సూక్ష్మమైన గుంటలుగా చేయగా వెలుగు చెదరిపోయి బండ తెల్లబడును. తడిగా నున్నప్పుడు నీరు ఆ గుంటలను నింపి తాత్కాలికముగా తలమును సమము చేయుటచే నల్లని నిగారింపు కనబడును. సాయంకాలము మేము మోసపోయినది ఇందుచేతనే. మఱియు ఇట్లు పుట్టిన కాల్సియము క్లోరైడు గాలిలోని తేమను పీల్చుకొను పదార్థము గనుక, బాగుగా కడుగని నేల పలుదినములు చెమ్మగా నుండును. బండల నడుమ సందులలోని సిమెంటును, సున్నమును కూడ ఆమ్లము కొరుకును.

బోరుబావి నీటి చారలను గూర్చి ఒక మాట. ఆ చారలలో నుండునదియు ప్రధానముగా కాల్సియము కార్బనేటే. మరకయు, బండయు ఒకే పదార్థమైనప్పుడు ఆమ్లము మరకను మాత్రము తిని బండను విడుచునని తలంచుట వెఱ్ఱితనము. అట్టి చారలకు ఉపాయము అవి పడకుండ చూచుటయే. అనగా, తుడిచిన పిమ్మట నీటిని నేలపై ఆరనీయక పొడిగుడ్డతో ఒత్తివేయవలెను.

ఇక నిత్యము చేయవలసిన పని. మొదట మెత్తని చీపురుతో పొడిగా నూడ్చి యిసుకను తీసివేయవలెను. ఇసుక నుండగా తడిగుడ్డతో తుడుచుట దానితో నేలను రుద్దుటయే. గుమ్మమువద్ద కాళ్ళు తుడుచుకొను పట్టా యొకటి వేసి, దానిని ప్రతిదినము దులిపినచో సగము పని తీరును. చెప్పులు వెలుపల విడుచు మన పెద్దల ఆచారము ఇట్టి నేలకు మిక్కిలి హితము. పిమ్మట శుభ్రమైన నీటిలో ముంచి పిండిన గుడ్డతో తుడువవలెను. జిడ్డు నేలకు పది లీటర్ల బకెట్టుకు ఒకటి రెండు చెంచాల చొప్పున, పులుపు గాని తీవ్రమైన క్షారము గాని లేని ద్రవపు సబ్బు చాలును. ఉప్పదనము గల నీటిలో సామాన్యపు సబ్బు విరిగి తెల్లని మడ్డి కట్టును గనుక సబ్బు ఎక్కువైనకొలది నేల మసకబారును. సబ్బు నీటి వెనుక మంచినీటితో మరల తుడిచి, ఆరబెట్టవలెను. ఇనుప పీచును, గరుకు పొడులను వాడరాదు.

వంటయింటను, మధ్యాహ్నము విద్యార్థులు భుజించు వసారాలోను శత్రువులు వేరు. నిమ్మరసము, చింతపండు పులుసు, మజ్జిగ, ఊరగాయ, ఇవన్నియు ఆమ్లములే. వీని చుక్క పడిన చోట కొలది నిమిషములకే తెల్లని మచ్చ యేర్పడును. ఇది మరక కాదు, రాతికి తగిలిన గాయము. కావున ఎంత రుద్దినను పోదు. పడిన వెంటనే తుడిచి నీళ్ళు పోయుటయే దానికి మందు. నిమ్మచెక్కతో నేల రుద్దినచో మెరయునను మాట యిత్తడి చెంబుల విషయమున నిజము కావచ్చును గాని నాపరాతి విషయమున నిజము కాదు. ముగ్గుపిండి వలన హాని లేదు గాని, పసుపు, కుంకుమ తడినేలపై పడినచో రంగు ఇంకును.

నూనె మరకలకు ఒక మంచి ఉపాయము కలదు. మెత్తని సుద్దపొడిని సబ్బు నీటితో చిక్కని ముద్దగా కలిపి, మరకపై అరంగుళము మందమున మెత్తి, పైన పలుచని కాగితము కప్పి, ఒక రాత్రి యుంచవలెను. ముద్ద ఆరుచున్నకొలది రాతిలో ఇంకిన నూనెను పైకి లాగుకొనును. ఒకసారికి పోకున్న రెండు మూడు సారులు చేయవలెను. తేనీరు, ఆకుల రసము మొదలగువాని మరకలకు నూటికి 3 పాళ్ళు గల హైడ్రొజన్ పెరాక్సైడుతో ఆ ముద్దను కలుపుదురు. ఇది రంగును విరుచును గనుక నల్లని బండలపై మూలలో నొకచోట పరీక్షింపక వాడరాదు. క్రిస్మసు వత్తుల మైనము పడినచో, గట్టిపడనిచ్చి కఱ్ఱముక్కతో మెల్లగా లేపవలెను. కత్తి వాడరాదు. త్రుప్పు మరకలకై అమ్మెడి మందులలో పెక్కింట ఆమ్లముండును గనుక వానిని ఈ నేలపై ముట్టరాదు.

ఇచట ప్రాణములకు సంబంధించిన హెచ్చరిక యొకటి చెప్పవలసి యున్నది. ఆసిడును, బ్లీచింగు పొడిని ఎన్నడును కలుపరాదు, ఒకదాని వెనుక నొకటి పోయరాదు. కలిసినచో క్లోరిను అను విషవాయువు పుట్టి ఊపిరితిత్తులను దహించును. తలుపులు మూసిన చిన్న గదిలో ఇది ప్రాణాపాయము. ఇంటి పనివారికి ఈ సంగతి తెలుపుట యజమానుల విధి.

ఇక పూతను గూర్చి. నాపరాతిలో కంటికి కానరాని రంధ్రములుండును. నేలపై నాలుగైదు నీటి చుక్కలు వేసి పది నిమిషములు చూడుడు. చుక్క క్రింద బండ నల్లబడినచో అది నీటిని పీల్చుచున్నదని అర్థము. నీటిని పీల్చునది నూనెను, మరకను కూడ పీల్చును. పూర్వము కొందరు అవిసెనూనెను రుద్దెడివారు. అది నిగారింపు నిచ్చును గాని కాలక్రమమున ముదురు రంగు తిరిగి ధూళిని పట్టుకొనును. నేడు అంగడిలో 'సీలరు' లను పేర రెండు విధముల ద్రవములు దొరకును. ఒకటి రాతిలోనికి ఇంకి, రంధ్రముల గోడలకు నీరంటని గుణమునిచ్చి, పైకి కానరాక యుండును. సిలేను, సిలాక్సేను అను పదార్థములతో చేసినవి ఇట్టివి. రెండవది నేలపై వార్నీషు వలె పొర కట్టి మెరయును.

మన పాత కట్టడములలో క్రిందనుండి వచ్చు చెమ్మను ఆపు పొర తఱచుగా నుండదు. నేలలోని తడి, ఉప్పును మోసికొని, రాతి రంధ్రముల గుండ పైకెక్కి, ఆవిరియై పోవుచుండును. పైన వార్నీషు పొర కట్టినచో ఆవిరికి దారి మూసికొనిపోవును. ఉప్పు పొర క్రిందనే స్ఫటికములుగా పెరిగి రాతిని లోపలినుండి నెట్టును. పొరలు పొరలుగా పుట్టిన రాయి గనుక పెచ్చులు పెచ్చులుగా లేచును. రాతి బలహీనత యని మొదట సూచించినది దీనినే. కావున చెమ్మ గల నేలకు వార్నీషు వంటి పూత కీడు. ఆవిరిని పోనిచ్చునట్టి, లోపలికి ఇంకు సీలరు మేలు. చెమ్మ మిక్కుటమైనచో మొదట వాన నీటి కాలువలను, గోడ ప్రక్క మురుగును సరిచేయుట ముఖ్యము.

పూయు విధ మిట్టిది. నేలను శుభ్రపరచి, రెండు మూడు దినములు పూర్తిగా ఆరనీయవలెను. మూలలో నొక బండపై పరీక్షింపవలెను. కిటికీలు తెరచి, దీపము, నిప్పు దరిని లేకుండ చూచి, గుడ్డతో పలుచగా పూసి, డబ్బాపై చెప్పిన గడువు లోపల మిగులును తుడిచివేయవలెను. మిగులు ఆరినచో మరక కట్టును. ఒక దినము నడువరాదు. ఏటేట నీటి చుక్కలతో పరీక్షించి, బండ మరల పీల్చుచున్నచో మరల పూయవలెను. అయితే ఒక సంగతి మరువరాదు. సీలరు మరకను కొంతసేపు ఆపును గాని ఆమ్లమును ఆపలేదు. సీలరు పూసితిమి గదా యని నిమ్మరసమును విడిచిపెట్టినచో మచ్చ పడుటయే నిశ్చయము.

గాయపడిన నేలకు చికిత్స ఒక్కటే. తలమును మరల అరగదీయుట. 1891వ సంవత్సరమున అమెరికా దేశస్థుడైన ఎడ్వర్డు అచెసను కనుగొనిన కార్బొరండము రాళ్ళతో, నీళ్ళు పోయుచు, మొదట గరుకు రాతితోను, పిమ్మట 120, 220, 400 అంకెల సన్నని రాళ్ళతోను క్రమముగా రుద్దుదురు. ఒక మెట్టును విడిచినచో గీతలు మిగులును. మా వసారాకు ఇట్లే చేయించితిమి. ఆసిడు సీసాలకైన ఖర్చునకు ఎన్నో రెట్లు సొమ్మును, క్రిస్మసు వెళ్ళిన తరువాత పదునొకండు దినముల శ్రమయు పట్టెను. పనివారు తూర్పు గుమ్మము వద్ద చివరి బండకు వచ్చినప్పుడు మేము వారిని ఆపితిమి. అది మాకు పాఠముగా నుండవలెనని తలంచితిమి. నాటినుండి ఎనిమిదవ తరగతికి ఆ ప్రయోగము చూపిన పిమ్మట బాలురను ఆ బండ వద్దకు తీసికొనిపోవుచున్నాము.

బైబిలులో నయమాను అను సేనాధిపతి కథ కలదు. కుష్ఠు పోవుటకు యొర్దాను నీటిలో స్నానము చేయుమని ప్రవక్త చెప్పగా, అంత సులభమైన పని చెప్పినందుకు అతడు కోపగించెను. అతనికి బుద్ధి చెప్పినవారు అతని సేవకులు. అతడు వారి మాట వినెను. మేము వినలేదు. ముప్పది యేండ్లు మోకాళ్ళపై కూర్చుండి ఆ రాతిని తాకినవారి యెఱుక మా సమీకరణముకంటె తక్కువది కాదని తెలిసికొనుటకు మాకొక వసారా ఖర్చయ్యెను. పని పూర్తియైన దినమున ఆయమ్మను పిలిచి, ఉపాధ్యాయులందరి యెదుట, "అమ్మా, నీవు చెప్పినదే నిజము. మమ్ము క్షమింపుము" అని చెప్పితిమి. ఆమె, "పోనీయండి అయ్యగారూ, మళ్ళీ మెరుస్తోంది కదా" అని, బకెట్టును, గుడ్డను తీసికొని తన పనికి పోయెను. ఇప్పుడు వసారా ఆమె చెప్పినట్లే, మంచినీళ్ళతో, మెత్తని గుడ్డతో శుభ్రపడుచున్నది.